సర్వే సార్లకు గుల్లల కూర

మా ఉప్పుటేటి అడుగున ప్రాణం లేదని తేల్చిన సర్వే వాళ్ళు ఆ పూట మా చేతి వంటే తిన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

రేపల్లె అవతల వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్న రోజులు. ఆ చెరువుల మురుగు మా ఏటిలోకి వదలడానికి కాలువ తీస్తామన్నారు. మేం అడ్డంపడ్డాం. పాటుకు నీళ్ళు తగ్గినప్పుడు బురదలో దిగి, కాళ్ళతో తడిమి, గుల్లలూ పీతలూ ఏరి తెనాలి బజారుకు పంపి బతికేవాళ్ళం. ఏటి అడుగు చూసి చెబుతానని బాపట్ల వైపు నుంచి ఒక సారు కబురు పెట్టాడు. అడుగున ప్రాణం ఉందని ఆయన రాస్తే కాలువ ఆగుతుంది.

గడప తొక్కిన వాళ్ళకి ఆ పూట రేవులో తీసిందే వండిపెట్టడం మా పాలెం పద్ధతి. నిన్నటిది పెడితే పరువు పోయినట్టే. అందుకని పాలెం పెద్ద తెల్లారగానే ఆడవాళ్ళని రేవులోకి దింపాడు.

“తమ్ముడూ, ముందు వాళ్ళని చూడనియ్యి. తరవాత ఏరుదాం,” అన్నాను.

“ఏంటక్కా, జీపులో వచ్చే సార్లకి పప్పు పొయ్యమంటావా? ఓపిక లేకపోతే ఒడ్డున కూర్చో.”

ఒడ్డునే కూర్చున్నాను. మావాళ్ళు రేవు అడుగంతా ఊడ్చినట్టు ఏరేశారు.

సార్లు వచ్చారు. గుల్లల కూర, పీతల పులుసు మారు వడ్డించుకుని తిన్నారు. ఎండ ముదిరిందని దూరం పోకుండా ఆ రేవులోనే పడవ మీంచి ఇనప పెట్టెను తాడుతో దింపి బురద తోడారు. జల్లెడలో పోసి కడిగితే నాలుగు పురుగులు మిగిలాయి. మళ్ళీ తోడినా అంతే.

“సారూ, మీరిందాక తిన్నవి ఇక్కడివేనండి. ఆ వంపు దాకా పోనివ్వండి, బోలెడుంటాయి,” అన్నాను.

“తిన్నది లెక్కలోకి రాదమ్మా. జల్లెడలో పడిందే లెక్క.”

“మరి పొట్టలో పడిందో?”

మావాళ్ళే కిసుక్కున నవ్వారు. పాలెం పెద్ద నా చెయ్యి పట్టి పక్కకు లాగాడు. “ఇంటికొచ్చిన వాళ్ళతో గొడవేంటక్కా!”

సారు ఏదో రాసుకుని జీపెక్కాడు. అప్పటికి నాకు అక్షరం రాదు. వస్తే ఆ రాత దగ్గరే అడ్డుకునేదాన్ని. ఆ కసితోనే తరవాత రాత్రిబడికి పోయాను. తిన్న అన్నం అరగక ఏరంతా చూడకుండా పోయిన ఆయన్ని తిట్టడానికి నాకు మాటలున్నాయి. మా నోటికాడి కూడు తీసి వడ్డించి, పైగా నా నోరు మూయించిన మావాణ్ణి ఏమని తిట్టను?

వానలు తగ్గాక కాలువ తెరిచారు. నల్లటి మురుగు దిగింది. కొన్నాళ్ళకి ఆ వంపు దగ్గర కూడా గుల్లలు నోళ్ళు తెరిచి తేలాయి. ఆడవాళ్ళు ఆ చెరువుల వాళ్ళ దగ్గరే రొయ్యల తలలు గిల్లే పనికి కుదిరారు.

పాలెం పెద్ద ఇంట్లో పెళ్ళయితే వెళ్తాను, చావైతే వెళ్తాను. ఆయన పలకరిస్తే మాత్రం పలకను.