ముట్టుకోని తెలుపు

నా చిన్నప్పుడు నేను అడిగిన ప్రశ్ననే మొన్న శనివారం మా తాతయ్య నన్ను అడిగారు. "ఈ స్తంభాలకి రంగెయ్యకుండా వదిలేశారేంటి తల్లీ? ఎవరిదీ సగం పని?" ఆ బొమ్మ వేస్తున్నది ఆయనే. కుంచె ఆయన చేతిలోనే ఉంది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అమెరికాలోని పార్సిప్పనీలో తాతయ్య వాళ్లింట్లోనే ఉండేవాళ్లం. ఆయన డాక్టర్. డ్యూటీ లేని రోజు డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరిచి నీటిరంగులు వేసేవారు. ఎప్పుడూ ఒకటే బొమ్మ, ఏదో పాత క్యాలెండర్‌లోని రోమన్ గుడి శిథిలం. కొండ మీద పైకప్పు లేని అయిదు స్తంభాలు, వెనక సాయంత్రపు మంచు, కింద వేలిగోరంత మేకల కాపరి. ఆకాశాన్ని తడిపి తడిపి గంటసేపు వేసేవారు. ఎండ పడే స్తంభాలను మాత్రం ముట్టుకునేవారు కాదు.

ఒకరోజు ఆయన ఫోన్ మాట్లాడడానికి లేచి వెళ్లారు. పాపం మర్చిపోయారనుకుని, నా స్కూలు రంగుల్లోంచి తెలుపు తీసి ఒక స్తంభాన్ని దట్టంగా నింపేశాను. "ఇవి వదిలేశారేంటి తాతయ్యా? ఒకటి నేను ఫినిష్ చేశా" అన్నాను గర్వంగా. వెలుగుతున్న నాలుగింటి పక్కన నాది సున్నం కొట్టినట్టుంది. అది చూడగానే నాకే ఏడుపొచ్చింది.

తాతయ్య కోప్పడలేదు. తడి కుంచెతో నా తెలుపును కరిగించి, కాస్త గోధుమరంగు కలిపి కిందికి లాగారు. స్తంభం కూలి గడ్డిలో రాళ్లయింది. "శిథిలాలే కదే, ఇంకోటి పడిపోతే ఎవడడుగుతాడు?" అని నవ్వారు. తర్వాత నా వేలు పట్టుకుని ఖాళీ కాగితం మీద పెట్టారు. తన పెట్టెలో తెల్లరంగే లేదని, కాగితమే తెలుపని, దాన్ని ముట్టుకోకుండా ఉండడమే అన్నిటికన్నా కష్టమైన పనని చెప్పారు.

ఇప్పుడు ఆయన మా దగ్గరే ఉంటున్నారు. శనివారం నా కళ్లెదుటే అయిదు స్తంభాలనూ ముదురు గోధుమరంగుతో నింపేశారు. "అమ్మా, ముత్తాత మొత్తం స్పాయిల్ చేశాడు!" అని పిల్లలిద్దరూ పకపక నవ్వారు. ఎందుకో తెలియకుండానే ఆయనా వాళ్లతో కలిసి నవ్వారు. కొన్ని నెలలుగా ఆయన మాట కోసం వెతుక్కుంటుంటే నేనే గబగబా అందించేస్తూ వచ్చాను. వయసు అని సర్దిచెప్పుకున్నాను. నిజానికి ఆ ఖాళీ చూడాలంటే నాకు భయం. ఆయన పడుకున్నాక కుంచె తడిపి ఒక స్తంభాన్ని కరిగించబోయాను. రంగు ఆరిపోయింది. రాలేదు.

ఈ పొద్దున, ఆయన లేవకముందే, సీరియల్ తింటున్న పిల్లల పక్కన కూర్చున్నాను. ముత్తాతకి జబ్బేమోనని, డాక్టర్‌కి చూపిస్తానని, ఏదో ఒక రోజు వాళ్ల పేర్లు కూడా గుర్తుండకపోవచ్చని దాచకుండా చెప్పాను.

"మరి మేం ఏం చెయ్యాలి?" అంది చిన్నది.

"ముత్తాత మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతే నవ్వకండి. మాట అందించకండి కూడా. నేనూ అందించను. ఆ ఖాళీని అలాగే ఉండనిచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోండి."