నీకూ ఇనిపించిందేటి?

నా చిన్నప్పుడు అండమాన్ దీవుల్లోని మా హోప్ టౌన్‌లో మా మావయ్య అంత అందంగా మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు. అదీ ఏడాదిలో కొన్ని వారాలే. ఆ వారాల్లో ఆయనకు నిద్ర అక్కర్లేదు, తిండి అక్కర్లేదు. పడవకు రంగు వేసేవాడు, అది ఆరకముందే దాని మీద ఇంకో రంగు వేసేవాడు. ఆ తర్వాత అదే మనిషి గోడవైపు తిరిగి పడుకుంటే నెలలు గడిచిపోయేవి. ఇప్పుడు దాన్ని బైపోలార్ అంటున్నారు. అప్పట్లో మావాళ్ళు గాలి సోకిందని నిమ్మకాయలు దిగదుడిచేవారు. అవతలి ఒడ్డున ఆసుపత్రి డాక్టరు మాత్రం ఇది జబ్బేననీ, మాత్ర ఎప్పటికీ మానకూడదనీ చెప్పాడు. నెలనెలా ఫెర్రీ ఎక్కి వెళ్ళి రక్తం పరీక్ష చేయించుకోవాలి.

మాత్ర పనిచేసింది. చిక్కంతా అక్కడే వచ్చింది. బాగున్నవాడికి మందెందుకని అందరూ అన్నారు, మా అమ్మ కూడా. పైగా ఆ మందుకు మావయ్య చేతులు సన్నగా వణికేవి, ఎంత తాగినా దాహం తీరేది కాదు. వల బాగుచేయబోయి, సూదికి దారం ఎక్కించలేక విసిరికొట్టేవాడు. చేపల వేటకు వెళ్ళే మనిషికి నలుగురిలో అదెంత చిన్నతనమో నాకప్పుడేం తెలుసు! ఇంకో మాట నాకొక్కదానికే చెప్పేవాడు. మాత్ర మొదలుపెట్టినప్పటి నుంచి సముద్రం మూగదైపోయిందట.

ఒక వర్షాకాలంలో ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేశాడు. మళ్ళీ రంగులు, మళ్ళీ కబుర్లు. ఈసారి ఇంకోటి కూడా మొదలైంది. నేను పుట్టకముందే వేటకు వెళ్ళి తిరిగి రాని మా తాతయ్య, నీళ్ళ మీద నుంచి తనను పిలుస్తున్నాడనేవాడు. ఎంత సంతోషంగా చెప్పేవాడంటే, వింటుంటే నాకూ వెళ్ళాలనిపించేది.

ఆ రోజు సాయంత్రం వాన వెలిసింది. గాలి పూర్తిగా పడిపోయింది. నీళ్ళు కదలడం లేదు, ఒడ్డున కుక్కలు కూడా అరవడం లేదు. మగవాళ్ళంతా చేపలమ్ముకోవడానికి అవతలి ఒడ్డుకు వెళ్ళారు. మావయ్య పెళ్ళినాటి చొక్కా తొడుక్కుని పడవను నీళ్ళలోకి తోస్తున్నాడు. నేను దగ్గరకెళ్ళి చూశాను. పడవలో వల లేదు, తెడ్డు లేదు. రెండు కంచాల్లో అన్నం మాత్రం ఉంది. రెండోది తాతయ్యకని నాకు అర్థమైంది.

ఇంతలో మా అత్త, అంటే మావయ్య భార్య, మోకాలి లోతు నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకుంది. ఆవిడ శ్రీకాకుళం వైపు పల్లె నుంచి పెళ్ళై వచ్చింది. మావయ్య పసితనంలోనే ఓడెక్కి వచ్చినవాడు, అక్కడి ఆచారాలేవీ ఎరగడు. అత్త ఏడవలేదు, అడ్డుపడలేదు.

"ఎల్లు. నాను కాదనను. మా ఊరి పద్దతి ఒకటుంది, అది సేసి ఎల్లు. నీటి మీంచి పిలుపొస్తే ఒడ్డునున్నోల్ని అడగాల. ఇద్దరికీ ఇనిపిస్తేనే గంగమ్మ పిలుపు. ఒక్కడికే ఇనిపిస్తే ఎల్లకూడదు."

డాక్టరు మాట వినని మనిషి ఆ మాటకు ఆగాడు. చుట్టూ చూశాడు. ఒడ్డున నేనే ఉన్నాను. నా దగ్గరకొచ్చి వంగాడు. ముఖం వెలిగిపోతోంది.

"గుంటా, మీ తాత పిలుస్తన్నాడు. నీకూ ఇనిపించిందేటి?"

విన్నాను. చెవి రిక్కించి, వినిపిస్తే బాగుండుననే విన్నాను. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఊపిరి బిగబట్టి నా జవాబు కోసం కాచుకున్నట్టే అనిపించింది. అత్త వైపు చూస్తే, ఆవిడ నీళ్ళకేసి చూస్తోంది. ఒక్క సైగ చేయలేదు.

"లేదు మావయ్యా," అన్నాను.

మళ్ళీ వినమన్నాడు. మళ్ళీ లేదన్నాను, ఈసారి ఏడుస్తూ. ఆయన ముఖం వాడిపోయింది. పడవ అంచున కూలబడి, నాకు ఇనబడతానే ఉందే అన్నాడు. ఇనబడనీ, నీకొక్కడికే కదా అంది అత్త. కంచాలు రెండూ కిందికి దింపి, ఒకటి ఆయన చేతికిచ్చింది. రెండోదాంట్లో నేనూ అత్తా తిన్నాం. ఎవరి కంచమో తెలిసే తిన్నాను. 

మర్నాడు ఫెర్రీలో ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. చేతుల సంగతి సిగ్గుపడి దాచాడని అత్తే డాక్టరుకు చెప్పింది. ఆయన రక్తం పరీక్ష చేయించి మోతాదు సరిచేశాడు. వణుకు తగ్గింది కానీ పోలేదు. అప్పటి నుంచి సూదికి దారం అత్త ఎక్కించేది, ముడులు మావయ్య వేసేవాడు. ఆ తర్వాత ఇంకెప్పుడూ మందు మానలేదంటే అబద్ధమే. కానీ మానిన ప్రతిసారీ నన్ను వెతుక్కుంటూ వచ్చి అదే ప్రశ్న అడిగేవాడు. నేను లేదనేదాన్ని. గొణుక్కుంటూ మాత్ర వేసుకునేవాడు. ముసలితనం వచ్చి తన మంచం మీదే పోయాడు. మా ఇంట్లో అది చిన్న విషయం కాదు.

పెద్దయ్యాక శ్రీకాకుళం వాళ్ళు ఎవరు కనిపించినా ఆ పద్ధతి గురించి అడిగాను. ఎవరూ వినలేదన్నారు. అత్తను నిలదీస్తే పకపకా నవ్వింది.

"ఏ ఊళ్ళోనూ లేదే. అప్పటికప్పుడు పుట్టించాను."

మరి నేను వినిపించిందని చెప్పుంటే? ముందే నాకెందుకు చెప్పలేదు? నవ్వు ఆపేసింది. "సెప్పి పెడితే నీ మొకం సూసి మీ మావ కనిపెట్టీసేవోడు. నీకు నిజంగా ఇనిపించకపోతేనే ఆడు నమ్ముతాడు," అంది. ఆ రోజు ఆవిడ మావయ్య ప్రాణాన్ని నా ఒక్క మాట మీద పెట్టిందని అప్పుడు తట్టింది నాకు.

పిల్లలు పుట్టాక ఆ జబ్బు నన్నూ వెతుక్కుంటూ వచ్చింది. ఇన్నేళ్ళుగా నేనూ మాత్ర మీదే ఉన్నాను. నా చేతులూ వణుకుతాయి, టీ సాసర్లోకి ఒలుకుతుంది. బాగున్నాను కదా, ఇంకా ఎందుకీ మందు అని నాకూ అనిపిస్తుంది. మొన్నామధ్య అలా అనిపించే కొన్నాళ్ళు మానేశాను. సాయంత్రం మనవరాలితో జెట్టీ మీద కూర్చున్నాను. గాలి పడిపోయింది. నీళ్ళ మీద నుంచి, గుంటా, అని ఎవరో పిలిచారు. అది మావయ్య గొంతు.

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. లేచి నిలబడ్డాను కూడా. అప్పుడు మనవరాలి వైపు తిరిగి, నీకూ వినిపించిందా అని అడిగాను.

అది కాసేపు చెవి పెట్టి వింది. "లేదు అమ్మమ్మా, కుఛ్ భీ నహీ," అంది.

ఆయన ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. నేను పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చి మాత్ర వేసుకున్నాను.