గోడ వైపు

ఆస్పత్రి లాండ్రీలో ఆమెని అందరూ అంచులక్క అనేవాళ్లు. దుప్పట్లు మడతపెట్టేటప్పుడు అవతలి కొస పట్టుకున్నది ఎవరైనా సరే, "అంచుకి అంచు కలవాలే తల్లీ, ఏమిటా తొందర, కొంపలేమైనా అంటుకున్నాయా?" అని మందలించడం ఆమె అలవాటు. పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల మడతపడదు. ఇద్దరూ చెరో కొసా పట్టుకోవాలి, ఒక్కసారి విదిలించాలి, సాగదీసి బిగించాలి, ఎదురెదురుగా నడిచొచ్చి ఒకరి చేతిలోని అంచు ఇంకొకరి చేతిలో పెట్టాలి. ఆమె బతుకంతా అదే పని. అవతలివైపు మనుషులు మారుతుండేవాళ్లు. ఇవతలివైపు మాత్రం ఆమే.

ఒకరోజు పొద్దున్నే ఆ అవతలివైపుకి ఒక విదేశీయుడు వచ్చి నిలబడ్డాడు. పక్క సందులోని రొట్టెల ఫ్యాక్టరీలో కొత్త పొయ్యిలు బిగించడానికి వచ్చి, పని అయిపోయాక కూడా వెళ్లకుండా ఆ పొయ్యిల దగ్గరే కొలువు కుదిరినవాడు. ఫ్యాక్టరీ గుడ్డలు ఉతకడానికి ఇచ్చిపోదామని వచ్చాడు. మడతకి రావలసిన పిల్ల ఆ రోజు రాలేదు. అంచులక్క ఒక కొస చేత్తో పట్టుకుని, రెండోది గడ్డం కింద అదిమిపెట్టి అవస్థ పడుతోంది. అతను మూట కింద పెట్టి, ఎవరూ అడక్కుండానే అవతలి కొస అందుకున్నాడు. మొదటి దుప్పటి వంకరపోయింది. ఆ తర్వాతది ఫరవాలేదు. ఇంకొకటి మడిచేసరికి అంచుకి అంచు కలిసింది. మర్నాడు పిల్ల పనిలోకి వచ్చింది, అయినా అతనూ వచ్చాడు.

పెళ్లి మాట ఎత్తడం ఇంట్లోవాళ్లు ఎప్పుడో మానేసిన వయసు ఆమెది. కాబట్టి విషయం తెలిశాక గొడవపడే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. వదిన మాత్రం నోరు ఊరుకోక అడిగింది.

"అతని మాట నీకు రాదు, నీ మాట అతనికి రాదు. రేపు పోట్లాడుకోవాలంటే ఎలాగే?"

"నిదానంగా నేర్చుకుంటాం వదినా. దానికేం తొందర?"

అతను నేర్చుకున్నాడు. ఆమె దగ్గరే నేర్చుకున్నాడు కనక ఆమె మాట్లాడినట్టే మాట్లాడాడు. ఆమె తనని "ఏమండీ" అంటుంటే, ఆలుమగలు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు కాబోలనుకుని తనూ ఆమెని "ఏమండీ" అన్నాడు. లాండ్రీ గుమ్మంలోకి వచ్చి, "ఏమండీ, గొడుగు మరిచిపోయారు" అంటే లోపల ఆడవాళ్లు దుప్పట్లలో మొహాలు దాచుకుని నవ్వేవాళ్లు.

"రొట్టెల బావగారికి ఎవరైనా చెప్పండే, పాపం!"

"నువ్వూరుకోవే. మా ఆయన ఒక్కసారి నన్నలా పిలిస్తే ఆ పూట అన్నం తినకపోయినా కడుపు నిండుతుంది నాకు."

ఎవరూ చెప్పలేదు. అంచులక్కా దిద్దలేదు.

వాళ్ల కాపురం ఒకే గదిలో. గోడవారగా ఒక ఇరుకు మంచం. దానికంటే పెద్దది వేస్తే తలుపు తెరుచుకోదు. రొట్టెలు తెల్లారేసరికి దుకాణాలకి చేరాలి కాబట్టి అతనిది రాత్రి పని. దుప్పట్లు పొద్దెక్కేలోగా వార్డులకి చేరాలి కాబట్టి ఆమెది పగటి పని. రొట్టెకీ ఆదివారం లేదు, రోగానికీ లేదు. సెలవు దొరికినా ఇద్దరికీ ఒకేరోజు దొరికేది కాదు. కనుబొమల మీద పిండితో అతను వచ్చేసరికి ఆమె జడ బిగించుకుంటూ ఉండేది. అప్పుడు ఆమె కప్పుకున్న దుప్పటి ఇద్దరూ కలిసి మడిచేవాళ్లు. విదిలింపు, సాగదీత, నాలుగడుగులు ముందుకి, అంచు చేతిలో పెట్టడం. "పాలు కాచి ఉంచాను" అని ఆమె. "బయట మంచు పడుతోంది, చెవులు కప్పుకోండి" అని అతను. ఆమె వెళ్లిపోయేది, అతను పడుకునేవాడు. ఏళ్ల తరబడి అలాగే గడిచింది. అది లోటని ఎవరైనా అంటే ఆమె నిజంగానే ఆశ్చర్యపోయేది.

అత్తగారిని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఫోనులో విన్నది. ఆ ముసలావిడకి కొడుకు ఒక్క తెలుగు మాట నేర్పాడు. "తిన్నావా?" అనేది ఆవిడ. "తిన్నానత్తయ్యా" అనేది కోడలు. ఆ తర్వాత మాటల్లేక ఇద్దరూ కాసేపు ఒకరి ఊపిరి ఒకరు వింటూ ఉండేవాళ్లు. ఫోను పెట్టేయడానికి మాత్రం ఇద్దరికీ మనసొప్పేది కాదు.

ఒక ఏడాది అతని అక్క ఫోను చేసింది. అమ్మ మంచం దిగడం లేదు, మగతలోనే ఉంటోంది, మెలకువ వచ్చినప్పుడల్లా కోడలుపిల్లని చూపించమంటోంది, వస్తే వెంటనే రండి అని. అంచులక్కకి ఆ దేశపు పౌరుడి భార్యగా వీసా వచ్చింది. ఇద్దరూ జీవితంలో మొదటిసారి ఒకే వేళకి ఇల్లు తాళం పెట్టి బయల్దేరారు.

విమానం దిగిన చోట రెండు వరసలున్నాయి. ఆ దేశస్థులకొకటి, పరాయివాళ్లకొకటి. భార్యాభర్తలు ఒకే వరసలో రావచ్చునని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, వాళ్లకి అడగాలనీ తోచలేదు. ఒకరు వెళుతుంటే ఒకరు రావడం వాళ్లకి అలవాటే. "ఏమండీ, నేను అవతల కూర్చుంటాను" అని అతను చరచరా దాటిపోయాడు. ఆమె వరస నత్తలా కదిలింది.

కౌంటరు మనిషి పాసుపోర్టు తిరగేసి, మీ భర్త ఎక్కడ అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆమె అద్దం అవతలికి చూపించింది. అక్కడ బల్ల మీద ఆమె భర్త తల వెనక్కి వాల్చి, నోరు తెరుచుకుని, ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్నాడు. రాత్రంతా మేలుకున్నవాడు, పగలు కదా మరి. ఆ మనిషి అతన్ని చూశాడు, ఆమెని చూశాడు, ఫోను ఎత్తాడు.

ఆమెని తీసుకెళ్లిన గదికి కిటికీ లేదు. బల్లకి అటువైపు ఒక ఆఫీసరు, మధ్యలో ఒక ఫోను. ఫోనులోంచి తెలుగు మాట్లాడే ఒక ఆడగొంతు. ఆ గొంతు వెనక ఎక్కడో కుక్కరు కూత వేసింది. ఆ కూత వినగానే అంచులక్కకి సగం ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా, ఆయన అడిగింది నేను తెలుగులో చెబుతాను, మీరన్నది ఆయనకి చెబుతాను. నా సొంత మాట ఒక్కటీ కలపకూడదు. సరేనా?"

"సరేనమ్మా."

"మీరిద్దరూ కలిసి దిగిన ఫొటోలు చూపించమంటున్నారు."

"పెళ్లప్పటిది ఒకటుంది. మళ్లీ దిగలేదు. తీసేవాళ్లెవరు?"

"మీ ఆయన రాత్రి భోజనం ఎన్నింటికి చేస్తారు?"

"పనిలో తింటారు. ఎన్నింటికో నేనెప్పుడూ అడగలేదు."

"ఆయనకి గురక వస్తుందా అంటున్నారు."

"తెలీదమ్మా."

ఆఫీసరు రాసుకున్నాడు. అంతకుముందే ఆమె భర్తని లేపి పక్కగదికి తీసుకొచ్చి అడిగారట. ఇప్పుడు అదే ప్రశ్న ఇక్కడ.

"మంచం మీద మీరు ఏ వైపు పడుకుంటారమ్మా?"

"ఇదేం ప్రశ్న తల్లీ! పరాయి మగవాడు అడగొచ్చా?"

"నేను అడగడం లేదమ్మా. ఆయన మాట చెబుతున్నాను."

"గోడ వైపు."

ఆఫీసరు ఒక కాగితం మీద మంచం గీశాడు, పక్కన గీతతో గోడ. ఆ గోడ పక్కన పెన్ను మొన ఆనించి గబగబా ఏదో అన్నాడు.

"మీ ఆయన కూడా గోడ వైపు తనదేనన్నారట. ఇద్దరూ ఒకే వైపు ఎలా పడుకుంటారంటున్నారు."

"ఒకేసారి పడుకోం కదమ్మా! ఆయన రాత్రి పనికి పోతారు, నేను పగలు. మంచం ఒక్కటే. పగలు ఆయనది, రాత్రి నాది."

ఫోనులో గొంతు అది ఆయన భాషలో చెప్పింది. ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"చివరిసారి ఇద్దరూ ఒకేసారి ఎప్పుడు నిద్రపోయారని అడుగుతున్నారు."

ఆమె ఆలోచించింది. గుర్తు తెచ్చుకుందామని ఎంత వెనక్కి వెళ్లినా, ఒకరు పడుకుంటే ఒకరు చెప్పులేసుకుంటున్నట్టే కనబడింది. "రాత్రి విమానంలో పక్కపక్కనే కూర్చున్నాం" అంది చివరికి. "కానీ నేను నిద్రపోయాను. ఆయన మేలుకునే ఉన్నారు."

"అమ్మా..." గొంతు తగ్గింది. "ఇది పెళ్లిలా లేదు, ఒక గది ఇద్దరు వంతులేసుకుని వాడుకుంటున్నట్టుంది అంటున్నారు."

ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది. అబద్ధమైతే తిప్పికొట్టేదే. అందులో కొంత నిజముంది, అదీ బాధ.

"మిమ్మల్ని తర్వాతి విమానంలో వెనక్కి పంపే అవకాశం ఉందట. అలా పంపేస్తే తనూ మీతోనే వచ్చేస్తానని మీ ఆయన చెప్పారట."

అంచులక్క లేచి నిలబడింది. "బుద్ధుందా ఆయనకి! అక్కడ కన్నతల్లి కొడుకు కోసం ప్రాణం ఉగ్గబట్టుకుని ఉంటే, గుమ్మం దాకా వచ్చి నా వెనకాల పరిగెత్తుకొస్తారా? నా మొహం చూసి ఏం చేస్తారు, రోజూ చూడటం లేదూ? పిండి పిసికీ పిసికీ బుర్ర కూడా పిండైపోయింది. వెళ్లమనండి. నోరుమూసుకుని వాళ్లమ్మ దగ్గరికి వెళ్లమన్నానని చెప్పండి!"

"ఇదంతా చెప్పమంటారా అమ్మా?"

"అక్షరం వదలకుండా చెప్పండి. పిండి సంగతి కూడా."

గొంతు చెప్పింది. చెబుతూ చెబుతూ ఒకచోట తడబడింది. ఆఫీసరు పెన్ను ఆగిపోయింది. ఇంకేమీ అడగలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్లాడు.

ఆ తర్వాత ఆమెనీ భర్తనీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. చలిగా ఉందని ఎవరో బూడిదరంగు రగ్గు ఒకటి ఇచ్చిపోయారు. "ఏమండీ, మిమ్మల్ని వదిలి వెళ్లను" అన్నాడు అతను. "వెళ్లాలి" అంది ఆమె. ఆ ఒక్క మాట మీద ఇద్దరూ చాలాసేపు మూతులు బిగించుకుని కూర్చున్నారు. పోట్లాడుకోవాలంటే ఎలాగే అన్న వదిన ఇప్పుడు చూడాలి అనుకుంది ఆమె. కాసేపటికి అతని తల వాలిపోయింది. రగ్గు అతనికి కప్పి ఆమె పక్కన కూర్చుంది.

మొగుడు నిద్రపోతుంటే ఇంతసేపు ఆమె ఎప్పుడూ చూడలేదు. కనురెప్పలు పూర్తిగా మూతపడవని తెలియదు. అరచెయ్యి చెంప కింద పెట్టుకుంటాడని తెలియదు. రెండో చేతి వేళ్లు రగ్గు మీద మెల్లగా కదులుతున్నాయి, పిసికి, వదిలి, మళ్లీ పిసికి. నిద్రలో కూడా పనే. రోజూ తను దుప్పట్లు మడిచే వేళకి, తన పక్క మీద ఈ వేళ్లు ఇలాగే కదులుతుండేవి కాబోలు. ఎవరూ చూడకుండా.

తలుపు చప్పుడైంది. ఆఫీసరు గుమ్మంలో నిలబడి రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె భర్తని తట్టి లేపింది. అతను నిద్రకళ్లతోనే లేచి రగ్గు ఒక కొస అందుకున్నాడు, ఆమె రెండోది. విదిలించారు, సాగదీసి బిగించారు, నాలుగడుగులు నడిచి అంచు చేతిలో పెట్టారు, మళ్లీ మడిచారు. ఒకరి వైపు ఒకరు చూసుకోను కూడా లేదు. మడత పలకలా చదునుగా వచ్చింది. బల్ల మీద పెట్టి, ఇక ఏమవుతుందో అని ఇద్దరూ గుమ్మం వైపు తిరిగారు.

ఆఫీసరు తలుపు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. తర్వాత పాసుపోర్టు ఆమె చేతికిచ్చి, ఆమె భర్తతో వాళ్ల భాషలో ఏదో అని పక్కకి తప్పుకున్నాడు. లోపల ముద్ర పడి ఉంది.

"ఏమన్నాడండీ?" అంది ఆమె నడవాలోకి వచ్చాక.

"గోడ వైపు ఎవరిదో తేల్చుకోమన్నాడు."

వాళ్లు చేరేసరికి అత్తగారు బతికే ఉంది. పిట్టంత మనిషి. కొడుకు వంగి చెవిలో చెప్పాడు. ఆవిడ చెయ్యి గాలిలో వెతుక్కుంటూ కోడలి వేళ్లు పట్టుకుంది, ఆవిరికి కాలి గరుకెక్కిన వేళ్లు.

"తిన్నావా?" అంది.

ఇన్నేళ్లూ చెప్పిన జవాబు అంచులక్కకి నోట రాలేదు. "ఇంకా లేదత్తయ్యా" అంది. కొత్త మాట విని ముసలావిడ కళ్లు పూర్తిగా తెరిచి చూసింది. చూస్తూనే ఉంది.

అప్పటిదాకా ఒక్కతే సేవ చేసి వడలిపోయిన ఆడపడుచుని ఇంటికి పంపేసి, వాళ్లిద్దరూ వంతులు వేసుకున్నారు. ఎవరూ అనుకోనక్కర్లేకపోయింది. రాత్రిళ్లు అతను, పగళ్లు ఆమె. పక్కగదిలో అతని చిన్నప్పటి మంచం, గోడవారగా. పొద్దున అతను తల్లి దగ్గర్నుంచి లేచొచ్చి పడుకునేవాడు, చీకటిపడ్డాక ఆమె. పొద్దున వంతు మారేటప్పుడు అత్తగారిని మెల్లగా పక్కకి ఒత్తిగించి, కింది దుప్పటి తీసి, ఇద్దరూ మడిచి, కొత్తది పరిచేవాళ్లు. ఆవిడ కళ్లు ఆ దుప్పటి వెంటే అటూ ఇటూ తిరిగేవి.

అలా వంతు మారే వేళలోనే ఒక పొద్దున ఆవిడ వెళ్లిపోయింది. ఇద్దరూ దగ్గరున్నారు. ఒక గంట ముందైతే ఆమె, ఒక గంట తర్వాతైతే అతను గోడ వైపు తిరిగి నిద్రలో ఉండేవాళ్లు.

చేయవలసినవన్నీ అయ్యాయి. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. ఖాళీ మంచం మీది దుప్పటి తీద్దామని ఆమె ఒక కొస పట్టుకుంది. అతను వచ్చి రెండోది అందుకున్నాడు. విదిలించలేదు. మెల్లగా సాగదీసి, నాలుగడుగులు నడిచి, అంచు ఆమె చేతిలో పెట్టాడు. పెట్టాక వదలలేదు. ఆమె అతన్ని తొందరపెట్టలేదు. పనికి వెళ్లాల్సినవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

ఆ మధ్యాహ్నం పక్కగదిలో ఆ చిన్న మంచం మీద ఇద్దరూ ఒరిగారు. ఆమె గోడ వైపు అతనికి వదిలేసింది. బయటి వైపు ఆమె పడిపోకుండా అతను చెయ్యి వేశాడు. నిద్రలో ఆ వేళ్లు మెల్లగా కదలడం మొదలుపెట్టాయి. కాసేపటికి గురక వినబడింది. సన్నగా, మూత సరిగా పడని గిన్నెలో నీళ్లు మరుగుతున్నట్టు.

అంచులక్క కళ్లు మూసుకుని అది వింటూ పడుకుంది.