అసలు తేనె, మినపరొట్టె

ఆ రోజుల్లో మా ఇంట్లో ఆపిల్ పండు కనిపించిందంటే ఎవరికో ఒంట్లో బాగోలేదని అర్థం. జామకాయలు, పనసపండు, సీతాఫలాలు దొడ్లోంచే వచ్చేవి కాబట్టి వాటికి పెద్ద మర్యాద ఉండేది కాదు. ఎక్కడో చలికొండల మీద కాసి, లారీలెక్కి రాజమండ్రిలో దిగి, కాగితం చొక్కా తొడుక్కుని వచ్చే ఆపిల్‌ని మాత్రం వచ్చేపోయేవాళ్ళకి కనపడేలా వరసగా పేర్చేవాళ్ళం. దాన్ని ఎవరూ అనుమానించేవారు కాదు. దూరం నుంచి వచ్చినదాని మీద మనిషికి ఉండే నమ్మకం సొంతవాడు చేత్తో పట్టుకొచ్చినదాని మీద ఉండదని నేను అనుభవం మీద తెలుసుకున్నాను. (అనుభవం అంటే ఊరికే అనడం కాదు. ఎడమ కన్నూ పైపెదవీ వాచిన అనుభవం.)

నాకు అప్పుడే మండపేటలో ఒక రైసుమిల్లులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. ఇల్లు ద్రాక్షారామం దగ్గర పల్లెటూరు. ఆదివారం ఆదివారం బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ణి. ఆ ఏడు మా నాయనమ్మకి జ్వరం వచ్చి తగ్గింది గానీ, నోటి చేదు పోలేదు. అన్నం చూస్తే మొహం తిప్పుకునేది. చుట్టాలు తెచ్చిన ఆపిల్ పళ్ళు తలాపున బల్ల మీద బారులు తీరి ఉండేవి. ఒకటి కొరికి, "తడిసిన దూది నమిలినట్టుంది, తీసెయ్యండర్రా" అంది. డాక్టరేమో తిండి లోపలికి వెళ్ళకపోతే మనిషి నిలబడదని మా నాన్నతో వీధి గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళాడు. ఆ మాట దగ్గర్నుంచీ ఇంట్లో అందరూ ఆవిడ నోటి వైపే చూస్తున్నారు. ఆఖరికి ఆవిడే అంది, "మినపరొట్టె వేడివేడిగా, దాని మీద చెట్టు తేనె వేసి పెట్టండి. మా పుట్టింట్లో తినేదాన్ని. అదైతే చూస్తాను. పానకం పోసి తేనె అంటే మాత్రం ఊరుకోను."

దైవికంగా మా మిల్లు వెనక వేపచెట్టుకి తేనెపట్టు ఉంది. అది ఎంత పెద్దదంటే, మధ్యాహ్నం దాని నీడలో ఇద్దరు హమాలీలు భోజనం చేసి కునుకు తీసేవారు. (నలుగురని చెప్పేవాణ్ణి. ఈమధ్య మా ఆవిడ తగ్గించమంది.) ఆ హమాలీలే ఒక సాయంత్రం పొగపెట్టి పట్టు కోశారు. నేను కింద గిన్నె పట్టుకుని, మా నాయనమ్మ కోసమని పెద్ద ధైర్యంగా తలెత్తి చూశాను. ఈగలకి ఆ ధైర్యం నచ్చలేదు. పట్టు పిండగా వచ్చిన తేనె గుడ్డలో వడకట్టి సీసా నిండా పోసుకుని, ఆదివారం పొద్దున్నే దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూచున్నాను. నా మొహం చూసి కండక్టరు టిక్కెట్టు అడగడానికి కూడా జంకాడు.

ఇంటికి చేరేసరికి మా అమ్మ మూకుట్లో మందంగా పిండి వేసి, మూతపెట్టి, బొగ్గుల సెగ మీద రొట్టె కాలుస్తోంది. నేను సీసా తీసి గర్వంగా అరుగు మీద పెట్టాను. మా పెదనాన్న దాన్ని ఎండకెత్తి చూశాడు. "ఎవరిచ్చార్రా?" అన్నాడు.

"ఎవరో ఇవ్వడమేంటి పెదనాన్నా, నా కళ్ళముందే పట్టు పిండారు. నా మొహం చూడు!"

"మొహానిదేముంది? కందిరీగ కుట్టినా అలాగే వాస్తుంది" అని, గ్లాసుడు నీళ్ళు తెప్పించి అందులో ఓ చెంచాడు తేనె పోశాడు. కరక్కుండా అడుక్కి దిగితే అసలుదట. దిగింది. నేను సీసా అందుకోబోతే చెయ్యి అడ్డంపెట్టి, "ఇవి కాలవ నీళ్ళురా, చిక్కగా ఉంటాయి. బోరు నీళ్ళలో చూడాలి" అని ఇంకో చెంచా పోశాడు. అంతలో మా నాన్న వచ్చి, "నీళ్ళతో ఏం తేలుతుంది అన్నయ్యా, ఒత్తి తేనెలో ముంచి వెలిగించాలి. వెలిగితే అసలుది" అన్నాడు. ఒత్తి చిటపటమంది తప్ప వెలగలేదు. ఒత్తి చెమ్మగా ఉందని ఇంకోటి ముంచాడు. అది వెలిగింది. ఒకటి వెలిగి ఒకటి వెలక్కపోతే లెక్క తేలదు కాబట్టి మూడోదీ ముంచాడు. కిళ్ళీ నములుతున్న మా మేనత్త తన సున్నం కాయ తీసి, అరచేతిలో సున్నం, తేనె కలిపి రుద్దింది. చెయ్యి వేడెక్కాలట. "ఎక్కిందా అత్తా?" అంటే, "ఎక్కినట్టే ఉంది గానీ, ఎండలో కూచున్నానేమో" అంది.

"రొట్టె ఓ పక్క ఎర్రబడింది, తిరగేస్తున్నాను" అని మా అమ్మ లోపల్నించి కేకేసింది. ఎవరూ వినలేదు. మా నాన్న పెదనాన్న పేపరు మీద తేనెచుక్క వేశాడు. పేపరు పీల్చుకోలేదు గానీ, అది ఆయన ఇంకా చదవని పేజీ అవడంతో కొంతసేపు వేరే గొడవ నడిచింది. తర్వాత కుక్క పరీక్ష. అసలు తేనె కుక్క ముట్టదట. పళ్ళెంలో పోసి మా కుక్క ముందు పెడితే, అది తేనెతోపాటు పళ్ళెం మీది పువ్వుల బొమ్మ కూడా నాకేసింది.

"చూశారా! బెల్లప్పాకం!" అన్నాడు పెదనాన్న.

"అది మన కుక్క అన్నయ్యా. ఆవకాయన్నం కూడా వదలదు. దాని సాక్ష్యం చెల్లదు" అన్నాడు మా నాన్న.

పక్కవీధి మేష్టారి బొచ్చుకుక్కని గొలుసుతో తీసుకొచ్చారు. అది వాసన చూసి మొహం తిప్పుకుంది. నేను ఎగిరి గంతేశాను. మేష్టారు మొహమాటంగా, "పొద్దుట్నుంచీ దీనికి ఒంట్లో బాలేదండీ, ఏమీ తినట్లేదు" అన్నారు. నా ఉద్యోగం, నా వాచిన మొహం, నా మాట అన్నీ ఒక కుక్క కడుపునొప్పి మీద ఆధారపడ్డ సందర్భం నా జీవితంలో అదొక్కటే.

"రొట్టె దింపేశానండీ! చల్లారితే అత్తయ్యగారు తినరు!" ఈసారి మా అమ్మ మూకుడితో సహా వరండాలోకి వచ్చేసింది. అప్పుడు చూశాను సీసా. అడుగున వేలెడు మందం కూడా లేదు. ఆ మిగిలినదాన్ని చీమల ముందు పెట్టి చూద్దామని మా అత్త సీసా అందుకుంటోంది.

"ఒరే!" అని వరండా మూల మంచం మీంచి గొంతు వచ్చింది. ఇన్నాళ్ళకి ఆ గొంతు అంత గట్టిగా వినడం అదే. నాయనమ్మ లేచి గోడకి ఆనుకుని కూచుంది. "నీళ్ళకి పెట్టారు. ఒత్తికి పెట్టారు. కాగితానికి పెట్టారు. ఊళ్ళో కుక్కలన్నిటికీ పెట్టారు. నోరున్న మనిషికి పెట్టరేంట్రా?"

మా అత్త సీసా మా అమ్మ చేతికిచ్చేసింది. మేష్టారి కుక్క కూడా తోక కిందకి దించేసింది. మా అమ్మ ఎర్రటి అంచుతో ఓ ముక్క తుంచి కంచంలో పెట్టి, సీసా బోర్లించింది. తేనె తీగలా దిగింది. నాయనమ్మ నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలింది. తీర్పు కోసం మేమంతా మంచం చుట్టూ నిలబడ్డాం.

"ఏమంటావే అమ్మా, అసలుదేనా?" అన్నాడు పెదనాన్న.

"తెలీట్లేదురా" అంది కళ్ళు తెరవకుండా. "ఇంకో ముక్క పడితే గానీ చెప్పలేను."

రొట్టె సగం అయ్యేదాకా ఆవిడకి తెలియలేదు. మళ్ళీ ఆదివారం కూడా తెలియలేదు. అప్పటికి మిల్లు వెనక ఈగలు వేరే చోటు చూసుకున్నాయి. మా అమ్మ అదే సీసాలో చెరకు పానకం పోసి ఉంచింది. నాయనమ్మ తిని, మా అమ్మ వైపు ఓసారి చూసి, "దీని సంగతీ తెలీట్లేదే. ఇంకో ముక్క వెయ్యి" అంది. అలా తేల్చుకోలేక తేల్చుకోలేక, పప్పన్నంలోకీ, చారులోకీ వచ్చేసింది. ఆవిడకి తేడా తెలిసిందో లేదో మేమెవరం పరీక్ష పెట్టలేదు. మా ఇంట్లో పరీక్ష పెట్టకుండా వదిలేసిన విషయం అదొక్కటే.

మొన్న మా అమ్మాయి ఆపిల్ పళ్ళూ, ఒక తేనె సీసా తెచ్చింది. నేను ఆపిల్‌ని గోటితో గీరి మైనం ఉందేమో చూశాను. సీసాని వెలుతురుకి ఎత్తి, గ్లాసుడు నీళ్ళు తెమ్మన్నాను. "నాన్నా, తినేదాకా కూడా ఆగలేవా?" అంది. నాకిప్పుడు షుగరు. లెక్క ప్రకారం ఒక ఆపిల్ ముక్క మీద ఒక చుక్క. మా ఆవిడ స్వయంగా వేసి నోటికందించి, "ఎలా ఉందండీ?" అంది.

కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలి, "తెలీట్లేదు. ఇంకో ముక్క పడితే గానీ చెప్పలేను" అన్నాను.

మా ఆవిడ సీసా తీసుకెళ్ళి పై అరలో పెట్టేసింది. ఈ కథ ఆవిడకి అన్నిసార్లు చెప్పకుండా ఉండాల్సింది. తర్వాత కుర్చీ వేసుకుని వెళ్ళి చూస్తే, మూత మాత్రం నా కోసమే అన్నట్టు వదులుగానే బిగించి ఉంది.