ఇండస్ట్రియల్ ఏరియాలో మా కల్లు కాంపౌండ్

లేబర్ క్యాంపులో నాకు కోతల రాయుడని పేరు. అయినా తిన్న అన్నం మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. డ్యూటీ దిగి మంచం మీద పడేవాడికి వాటికి భయపడే ఓపిక కూడా ఉండదు.

దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో టైర్ల షాపుల వెనక ఒక చాయ్ హోటల్ ఉండేది. దొరికేది చాయ్, పరాటా, అంతే. శుక్రవారం మధ్యాహ్నం జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళమంతా అక్కడే చేరి పాటలు పాడి, పంచాయితీలు పెట్టుకునేవాళ్ళం. అందుకే దాన్ని, ఊళ్ళో కల్లు అమ్మే చోటి పేరుతో, కల్లు కాంపౌండ్ అనేవాళ్ళం. ఊళ్ళో కల్లు తాగే ముందు, పోయినవాళ్ళ పేరు మీద నాలుగు చుక్కలు నేల మీద వదులుతాం. ఇక్కడ చాయ్ చుక్కలు వదిలేవాళ్ళం. తాగకుండా పారబోస్తున్నామని కేరళ యజమాని నేల తుడుస్తూ విసుక్కునేవాడు: “చాయ్ పీనే కా హై భాయ్, గిరానే కా నహీ.”

నా రూములో ఉండే లక్ష్మణ్, వాళ్ళ అన్న రాజన్న అక్కడ ఒకే కప్పు కొనేవాళ్ళు. అన్న సగం తాగి తమ్ముడికిచ్చేవాడు. ఊళ్ళో ఇంటి జాగా దగ్గర మాట పెరిగాక వేరే కప్పులు, వేరే బల్లలు. అలా ఉండగానే రాజన్న నిద్రలో పోయాడు. శవం ఊరికి వెళ్ళింది. లక్ష్మణ్‌కు సెలవు దొరకలేదు.

కొన్నాళ్ళకు హోటల్ కూడా కూల్చేశారు. ఇప్పుడక్కడ ట్రక్కులు ఆపుతారు.

లక్ష్మణ్ తిండి మానేశాడు. “అన్న నా మీద కోపంతోనే పోయిండు కాకా” అనేవాడు. ఒక శుక్రవారం వాణ్ని హోటల్ ఉండిన చోటికి తీసుకెళ్ళాను. దారిలో కొన్న చాయ్ నాలుగు చుక్కలు పక్కన వదిలి, ఒకప్పుడు పొయ్యి ఉన్న చోట కప్పు పెట్టాడు. దాదాపు నిండు కప్పు. ఆ ఎండలో చుట్టూ నరమానవుడు లేడు. రోడ్డు మీద ట్రక్కు హారన్ కొడితే ఇద్దరం అటు తిరిగాం.

మళ్ళీ చూస్తే కప్పులో సగమే ఉంది. కప్పు కింద ఇసుక పొడిగానే ఉంది.

“సగం ఉంచిండు” అన్నాడు లక్ష్మణ్. “నాకే ఉంచిండు కాకా.”

“తాగు మరి, చల్లారుతది.”

అక్కడే కూలబడి తాగాడు. ఆ సాయంత్రం మెస్సులో అన్నం మారు అడిగి పెట్టించుకున్నాడు.

ఇక కల్పించింది ఒప్పుకోవాలి. హారన్‌కు ఇద్దరం తిరగలేదు, లక్ష్మణ్ ఒక్కడే తిరిగాడు. ఆ సందు చూసుకుని, సగం తాగి పెడదామని నేను వంగి కప్పెత్తాను. అన్నే తాగాడనుకుని వాడు నాలుగు ముద్దలు తింటే చాలనుకున్నాను. కానీ చాయ్ నాలుక కాల్చింది. ఒక్క గుక్క, అదీ చిన్నది, మింగి పెట్టేశాను.

తగ్గిన సగంలో మిగతాది ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.