గుర్రాన్ని అడిగిన సెలవు

మొన్న ఓ పెళ్ళి ఊరేగింపులో గుర్రపు చెమట వాసన తగలగానే ఉమ్ సలాల్ గుర్తొచ్చింది. తొంభైల్లో, ఖతార్‌లోని ఆ ఊళ్ళో, ఓ ఫామ్‌లో అమ్మ వంట చేసేది, నాయన గుర్రాలను చూసుకునేవాడు. యజమాని ముందు నోరు మెదపని నాయన, సాయంత్రాలు నన్ను తెల్లగుర్రం మీద కూర్చోబెట్టి, పగ్గం పట్టుకుని ఇసుకదారిలో నడుస్తూ దాన్ని తిట్టేవాడు.

"సెలవడిగితే 'యల్లా, పని సూడు' అంటావా? మా యమ్మను సూసి ఎన్నేండ్లాయనో తెలుసునా నీకు?"

సెలవిచ్చేది గుర్రమేననుకున్నాను. ఒకరోజు నాయన గడ్డి తేవడానికి వెళ్ళగానే దానికి ఖర్జూరం తినిపించి, "మా నాయనకు సెలవియ్యి" అని బతిమాలాను. అది తల ఊపింది. సంబరంగా వెనక్కి తిరిగితే, గడ్డిమోపుతో నాయన నిలబడి ఉన్నాడు.

నేను వింటున్నానన్న సంగతి ఆయనకు ఆరోజే తట్టినట్టుంది. ఆ తర్వాత కూడా రోజూ వెళ్ళాం, గుర్రాన్ని ఒక్క మాటా అనకుండా.