అత్తగారి ఊరు అందని రేడియో

చేతిసంచిలో పట్టే నా షార్ట్‌వేవ్ ట్రాన్సిస్టర్‌లో మాస్కో మాట్లాడేది, సిలోన్ పాడేది, లండన్ దగ్గేది. నాంపల్లి స్టేషన్లో రైలు అందుకోవడం చేతకాదు గానీ, ముల్లు తిప్పి స్టేషన్లు అందుకోవడంలో ఘనుణ్ణని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని ఒక తుఫాను ఎగరగొట్టింది.

మా ఆవిడ నిండు నెలలతో బందరు దగ్గర పుట్టింట్లో ఉంది. సముద్రం ఊళ్ళ మీదికొచ్చిందని పేపర్లో చదివాను. అబిడ్స్ పోస్టాఫీసులో టెలిగ్రాం ఇవ్వబోతే తీగలు తెగాయన్నారు. రైళ్ళు లేవు. మిగిలింది రేడియో. పొద్దున్నే డాబా ఎక్కి, బట్టల తీగకి వైరు చుట్టి, ఏరియల్ పట్టుకు కూర్చున్నాను. చెయ్యి తీస్తే రేడియో గొంతు పోయేది.

ఇంటి ఓనరు, పాత హైదరాబాదు మనిషి, మెట్ల మీంచే అడిగాడు: "ఏంది సారూ, రష్యా దొరుకుతది గానీ మీ అత్తగారూరు దొరకదా?"

నాకు నవ్వు రాలేదు. నా మొహం చూసి ఆయనా నవ్వలేదు. వచ్చి వైరు రెండో కొస పట్టుకున్నాడు.

రెండు స్టేషన్ల సందులో ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. లైసెన్సు పుచ్చుకుని ఇంట్లోంచే వైర్‌లెస్ నడిపే హామ్ రేడియో వాళ్ళు. మామూలప్పుడు వాళ్ళని గోలకింద జమకట్టి దాటేసేవాణ్ణి. ఇప్పుడా గోల ఊళ్ళ పేర్లు చెబుతోంది. మా అత్తగారి ఊరి పేరొచ్చింది.

"నీళ్ళొచ్చాయి. బతికినవాళ్ళు రైసుమిల్లు మేడ మీదున్నారు. అక్కడే ఒకామె ప్రసవించింది. ఓవర్."

"ఎవరంట? అడుగుండ్రి సారూ!" అన్నాడు ఓనరు.

"ఇది వినేదేనండీ, అడిగేది కాదు."

"ఓ భాయ్, పేరు జెప్పు!" అని ఆయన రేడియోకేసి అరిచాడు. అది బరబరమంది.

ఆ బరబరలోంచి అవతలి మనిషి అడిగాడు: "తల్లీ బిడ్డా ఎలా ఉన్నారు?"

గొంతు మునిగింది. మేమిద్దరం కదల్లేదు. మళ్ళీ తేలింది.

"క్షేమం. ఆడపిల్ల."

పేరు చెప్పకుండానే పక్క ఊరి కబుర్లలోకి వెళ్ళిపోయాడు. ఆ ఊళ్ళో నిండు చూలాలు మా ఆవిడొక్కతేనని ఎవరు చెప్పొచ్చారు?

మెట్ల మీంచి అంతా విన్న ఓనరు భార్య చక్కెర డబ్బాతో పైకొచ్చింది. "మీ బిడ్డో కాదో తర్వాత జూద్దాం. పుట్టింది గద! నోరు తెరువుండ్రి."

"వద్దమ్మా, తేలనీండి" అన్నాను. అనడానికి నోరు తెరిచానా, పోసేసింది. అడ్డుకుందామంటే చెయ్యి ఏరియల్ మీదుంది.

నా కూతురేనని తెలిసింది రైళ్ళు నడిచాకే. అప్పటిదాకా ఆఫీసులో ఎవరడిగినా, "ఆడపిల్లట, ఎవరికో" అనేవాణ్ణి.